‘ఇంట్లోనే ఉండండి’ అన్న హుకుం

మా ఖాందాన్‌లో ఒక ఆపా ఈమధ్యే పన్నెండో అంతస్తులో ఫ్లాట్ తీసుకున్నారు. ముబారక్ చెబుదామని ఫోన్ చేస్తే మాటల్లో మాటగా, “పైన మంటొస్తే ఫైరింజన్ వాళ్లు పెద్ద నిచ్చెన వేసి దించేస్తారు కదా భాయ్, ఫికర్ ఏముంది?” అన్నారు. ఈ ఖయాల్ ఆపాది ఒక్కరిదే కాదు. సినిమాల్లో చూసిందంతా అదే కాబట్టి చాలామంది అలాగే అనుకుంటారు. ఎత్తయిన ఇమారత్‌లో మంటను బయటినుంచి ఆర్పడం చాలా తక్కువ. ఆ జంగ్ లోపలే, మెట్ల మీదే జరుగుతుంది. దాని తారీఖ్ చదువుతూ పోతే నాకు ఎక్కడికక్కడ ఒకే హుకుం ఎదురైంది: “మీ ఇంట్లోనే ఉండండి, తలుపు వేసుకోండి.” ఈ మాట కొన్ని దశాబ్దాలు ఎంతోమందిని కాపాడింది. ఒక రాత్రి ఎంతోమందిని పోగొట్టింది కూడా. ఆ రాత్రి రంజాన్ నెలలోనిది.

ముందు పని తీరు చెప్పుకుందాం. పదో అంతస్తులో మంట అని ఖబర్ రాగానే వచ్చే మొదటి బండ్ల వాళ్లు పైకి చూసి నీళ్లు కొట్టడం మొదలుపెట్టరు. ఒకరు కింద నిలబడి కమాండ్ తీసుకుంటారు. ఇంకొకరు ఇమారత్ గోడలోని పైపుకు బండినుంచి నీళ్లు కలుపుతారు. మామూలప్పుడు ఆ పైపు ఎండిపోయి ఉంటుంది. దానికి అంతస్తు అంతస్తుకీ ఒక నోరు. మిగతా జవాన్లు హోస్ చుట్టలు, గొడ్డళ్లు, వీపున గాలి సిలిండర్లు మోసుకుని మంటకు రెండంతస్తుల కిందికి చేరతారు. ఆ చోటును ఇంగ్లీషు వాళ్లు బ్రిడ్జ్‌హెడ్ అంటారు. లష్కర్ నది దాటి అవతలి ఒడ్డున మొదట పట్టుకునే జాగాకు ఉన్న పేరే ఇక్కడికీ వచ్చింది. అక్కడ ఒక బోర్డు ఉంటుంది. లోపలికి వెళ్లే ప్రతి జవాను తన పేరున్న బిళ్ల దానికి తగిలించి వెళ్లాలి. ఎవరు ఎప్పుడు వెళ్లారు, ఎవరి సిలిండర్‌లో గాలి ఎంతసేపటికి అయిపోతుందన్న హిసాబ్ అంతా ఆ బోర్డు మీదే. మామూలు సిలిండర్ అరగంటకు అటూ ఇటూ వస్తుంది. మెట్లెక్కడంలోనే సగం గాలి ఖర్చయితే పని చేయడానికి మిగిలేది ఏపాటి? ఇరవయ్యో అంతస్తు అనేసరికి ఈ లెక్క ఎంత ఖతర్నాక్‌గా మారుతుందో మీకే తెలుస్తుంది.

ఇక ఆ హుకుం సంగతి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లాండులో కౌన్సిళ్లు గరీబుల కోసం కాంక్రీటు టవర్లు కట్టాయి. 1960ల నాటి నిర్మాణ నియమాల అసల్ సూత్రం ఒక్కటే: ఒక్కో ఫ్లాటు ఒక్కో బంద్ సందూక్. గోడ, పైకప్పు కలిసి గంటపాటు మంటను ఆపాలి. ఆలోగా జవాన్లు వచ్చి ఆర్పేస్తారు. పక్కింటి వాళ్లు కదలనవసరం లేదు. కదలకుండా ఉంటేనే మేలు కూడా. ఒకే ఒక్క ఇరుకు మెట్లదారిలో జవాన్లు హోస్‌లతో పైకి ఎక్కుతుంటే నూరు ఇళ్లవాళ్లు పిల్లాపాపలతో దిగడం మొదలుపెడితే రెండు పనులూ ఆగిపోతాయి. తెరిచిన ప్రతి తలుపూ మెట్ల మీదికి పొగను రప్పిస్తుంది. కాబట్టి స్టే పుట్ అన్న మాటను బేవకూఫీ అనలేం. అందరినీ మెట్ల మీదికి దించరన్న నమ్మకం మీదే ఒక్క మెట్లదారితో ఆ టవర్లు కట్టారు. చాలా ఏళ్లు అది పనిచేసింది. వేల మంటలు పుట్టిన ఇంట్లోనే చల్లారిపోయాయి.

ఆ సందూక్ గట్టిగా ఉన్నంతవరకే ఈ సూత్రం నిలుస్తుంది. 1999లో స్కాట్లాండులోని ఇర్విన్‌లో ఒక టవర్ బయటి తొడుగు అంటుకుని మంట నిమిషాల్లో పైకి పాకింది. పార్లమెంటు కమిటీ తహ్కీఖాత్ చేసి తొడుగుల గురించి హెచ్చరించింది. 2009 జూలై 3న దక్షిణ లండన్‌లోని లకనాల్ హౌస్‌లో ఆరుగురు చనిపోయారు, ముగ్గురు ఆడవాళ్లు, ముగ్గురు పిల్లలు. ఫోన్ చేసిన వాళ్లకు ఇంట్లోనే ఉండమన్న సలహా అందింది. దాని మీద 2013లో కరోనర్ సిఫారసులు రాశారు. ఫోన్‌లో చిక్కుకున్న వాళ్లకు సలహా ఎలా ఇవ్వాలి, అది ఎప్పుడు మార్చాలి అన్నది అందులో ఒకటి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. నాలుగేళ్ల తర్వాత ఏమైందో చూడండి.

గ్రెన్‌ఫెల్ టవర్ ఉత్తర కెన్సింగ్టన్‌లో 24 అంతస్తుల ఇమారత్. ఎత్తు 67 మీటర్ల పైమాట. 1974లో పూర్తయింది. చుట్టుపక్కల లండన్‌లోనే అత్యంత ఖరీదైన ఇళ్లు, టవర్‌లో మాత్రం మొరాకో, సూడాన్, ఇరాన్, బంగ్లాదేశ్, ఎరిత్రియా, సిరియా, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కష్టజీవులు. వాళ్లలో ముస్లిములు చాలామంది. 2016లో పూర్తయిన మరమ్మతులో టవర్‌కు కొత్త తొడుగు వేశారు. పైకి మెరిసే అల్యూమినియం రేకులే గానీ రెండు రేకుల మధ్య పాలిథిలిన్. అంటే ప్లాస్టిక్. దాని వెనక ఉన్న ఇన్సులేషన్ నురగ కూడా మండేదే. సందూక్‌కు బయటినుంచి పెట్రోలు పూసినట్టే అయింది.

2017 జూన్ 14. లండన్ ఎండాకాలంలో ఇఫ్తార్ రాత్రి తొమ్మిదింపావు దాటాక గానీ కాదు. తరావీహ్ ముగిసేసరికి అర్ధరాత్రి అవుతుంది. మరి కాసేపటికే సహర్. అందుకే రోజాలుండే ఇళ్లలో ఆ వేళ చాలామంది మేలుకునే ఉన్నారు. వాళ్లే తలుపులు బాది పొరుగువాళ్లను లేపారని బతికి బయటపడ్డ వాళ్లు తర్వాత పత్రికలకు చెప్పారు. అది ఎంతమందిని కాపాడిందో లెక్క తీసేవాళ్లు లేరు.

నాలుగో అంతస్తులో ఒక ఫ్రిజ్ అంటుకుంది. ఫోన్ వెళ్లింది 12:54కి. ఐదు నిమిషాల్లో బండ్లు వచ్చాయి. అందులో సుస్తీ ఏమీ లేదు. రెండో అంతస్తులో బ్రిడ్జ్‌హెడ్ పెట్టారు. 1:14కి జవాన్లు ఆ వంటగదిలోకి వెళ్లి మంట ఆర్పారు. పుస్తకంలో ఉన్నట్టే, సాఫ్ పని. అయితే అప్పటికే మంట కిటికీ అంచునుంచి బయటి తొడుగులోకి జారుకుంది. ఒంటిగంటన్నర కాకముందే ఒక పక్క పైకప్పు దాకా పాకింది. తర్వాత తలకట్టు చుట్టూ తిరిగి మిగతా పక్కలకు దిగింది. కిటికీల గుండా ఒక్కో ఫ్లాట్‌లోకి కొత్తగా దూరింది. చాలా తలుపులకు వాటంతటవే మూసుకునే స్ప్రింగు పనిచేయలేదు, లేదా అసలు లేదు. మెట్లలో పొగ నిండింది. లిఫ్టును తమ ఖాబూలోకి తెచ్చుకుందామని జవాన్లు తాళం తిప్పితే పనిచేయలేదు. యాభై మీటర్లు దాటిన ఇమారత్‌కు ఈనాటి నియమం ప్రకారం ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే పైపు కావాలి. అక్కడ ఉన్నది ఎండు పైపు. రేడియోలు టవర్ లోపల సరిగా పలకలేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది కంట్రోల్ రూమ్ కథ. ఆ రాత్రి కంట్రోల్ సిబ్బంది మైళ్ల దూరంలో, స్ట్రాట్‌ఫోర్డ్‌లోని బదులు కేంద్రంలో ఉన్నారు. టవర్ వాళ్ల కళ్లకు కనబడదు. ఫోన్లు తట్టుకోలేనన్ని వచ్చాయి. కొన్ని వేరే జిల్లాల కంట్రోళ్లకు మళ్లాయి. ఫలానా అంతస్తు, ఫలానా ఫ్లాటు, లోపల ఇంతమంది, ఒక పసిబిడ్డ... ఈ ఇత్తిలా అంతా టవర్ కిందికి చేరి, అక్కడినుంచి కాగితం ముక్కల మీద చేతికి చేతికి మారి బ్రిడ్జ్‌హెడ్‌కు వెళ్లాలి. ఒక దశలో గోడల మీదే ఫ్లాట్ నంబర్లు రాసుకున్నారు. ఎవరిని తెచ్చారు, ఎవరింకా పైన ఉన్నారు అన్న కబురు మాత్రం తిరిగి ఫోన్ పట్టుకున్న ఆపరేటర్‌కు చేరలేదు. ఆమె చేతిలో ఉన్నది నేర్చుకున్న సలహా ఒక్కటే: ఉన్నచోటే ఉండండి, జవాన్లు వస్తున్నారు. ఆమె మాట మీద భరోసా పెట్టి కిటికీ దగ్గర కూర్చున్న వాళ్లున్నారు. హుకుం వినకుండా తడి గుడ్డ మొహానికి చుట్టుకుని చీకట్లో గోడ తడుముకుంటూ దిగిపోయిన వాళ్లున్నారు. వీళ్లలో ఎక్కువమంది బతికారు. మాట వినడం మంచి తర్బియత్ అని మన పిల్లలకు నేర్పుతాం. ఆ రాత్రి సంగతి చదివినప్పుడల్లా ఆ పాఠం నా గొంతులో అడ్డం పడుతుంది.

‘ఇంట్లోనే ఉండండి’ అన్న హుకుంను టవర్ దగ్గర రద్దు చేసింది 2:47కి. మొదటి ఫోన్ తర్వాత దాదాపు రెండు గంటలు. అప్పటికి మెట్లు దిగగలిగే స్థితిలో చాలామంది లేరు. ఆఖరి మనిషి ప్రాణాలతో బయటికి వచ్చింది ఉదయం ఎనిమిది దాటాక. మొత్తం 72 మంది చనిపోయారు.

పక్కనే ఉన్న అల్-మనార్ మస్జిద్ తలుపులు ఆ రాత్రే తెరుచుకున్నాయి, మజ్హబ్ అడగకుండా. వంటిల్లే లేకుండా పోయిన ఆడవాళ్లు తర్వాత ఆ మస్జిద్ వంటగదిలో కలిసి తమ వాళ్ల కోసం వండుకున్నారు. ఆ వంటింటికి హుబ్బ్ అని పేరు పడింది. అరబీలో ప్రేమ అని అర్థం. 2018లో వాళ్ల వంటల కితాబ్ కూడా వచ్చింది.

తహ్కీఖాత్‌కు రిటైర్డ్ జడ్జి సర్ మార్టిన్ మూర్-బిక్‌ను పెట్టారు. 2019 అక్టోబరులో వచ్చిన మొదటి రిపోర్టు ఆ రాత్రి గురించే. 1:30కీ 1:50కీ మధ్య అందరినీ దించేసే హుకుం ఇవ్వగలిగేవాళ్లు, ఇవ్వాల్సింది అని అందులో తేల్చారు. జవాన్ల హిమ్మత్‌ను మెచ్చుకున్నారు గానీ బ్రిగేడ్ తయారీలో లోపాలను గట్టిగా ఎత్తిచూపారు. అప్పటి కమిషనర్ డానీ కాటన్ ముందు ఇచ్చిన సాక్ష్యంలో ఆ రాత్రి చేసినదాన్ని దేన్నీ మార్చనని అన్నారు. మర్హూముల కుటుంబాలకు అది చాలా నొప్పి కలిగించింది. ఆ ఏడాది చివర ఆమె పదవి వదిలారు.

ఇక్కడ నా రాయ్ చెబుతాను. మొదటి రిపోర్టు సంగతులు నిజమే, కానీ ఆ తర్తీబ్ నాకు నచ్చలేదు. ప్లాస్టిక్ తొడుగు అమ్మినవాడు, కొన్నవాడు, సరే అన్న అఫ్సర్ - వీళ్ల సంగతి రెండో రిపోర్టు దాకా, అంటే 2024 సెప్టెంబరు దాకా ఆగింది. ఐదేళ్లు ముందుగా లోకం వేలు చూపింది పొగలోకి నడిచిన వాళ్లవైపే. రెండో రిపోర్టు వచ్చాక గానీ తేలలేదు, ఆ మౌతులన్నీ ఆపగలిగినవేనని, సామాను తయారీదార్లు బద్‌నియత్‌తో పరీక్షల ఫలితాలు తారుమారు చేశారని, హుకూమత్‌కు ఏళ్ల తరబడి ఖతరా తెలిసీ ఊరుకుందని. అలాగని హుకుం మార్చడం రాని కమాండర్లకు మాఫీ ఇచ్చేయమనీ కాదు. మంట పుస్తకంలోలా నడవడం లేదని కళ్లముందు కనబడుతుంటే పుస్తకం మూసే ఇఖ్తియార్ ఎవరికుంది అన్నది బ్రిగేడ్ ముందే తేల్చుకోవాల్సిన సవాల్. లకనాల్ తర్వాత దానికి ఎనిమిదేళ్ల వ్యవధి దొరికింది.

గల్ఫ్‌లో మనవాళ్లు లక్షల్లో ఉన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. దుబాయ్ మరీనాలో ద టార్చ్ అనే టవర్ ఉంది. 2015 ఫిబ్రవరిలో ఒకసారి, 2017 ఆగస్టులో మరోసారి దాని బయటి తొడుగు అంటుకుంది. పేరు పెట్టినవాడి నసీబ్! రెండుసార్లూ జనం మెట్లు దిగి బయటికి వచ్చేశారు, ఒక్క ప్రాణం పోలేదు. గ్రెన్‌ఫెల్‌కూ దీనికీ ఎంత తేడా ఉందో ఇక వివరించనక్కర్లేదు.

లండన్‌లో ఇప్పుడు ఏం మారింది? 2018 చివరినుంచి 18 మీటర్లు దాటిన కొత్త నివాస భవనాలకు మండే తొడుగు మనా. జవాన్లు లోపలి వాళ్లకు తొడగడానికి పొగ ముసుగులు తీసుకెళుతున్నారు. ఎత్తయిన టవర్‌లో మంట అనగానే పొడుగు నిచ్చెన బండి కూడా మొదటి ఖేపులోనే బయల్దేరుతుంది. ఆ రాత్రి అది మొదటి ఖేపులో లేదు. 2021లో 64 మీటర్ల నిచ్చెనలు కొన్నారు. గ్రెన్‌ఫెల్ పైకప్పు కన్నా అది కూడా మూడు మీటర్లు తక్కువే.

మన దగ్గరి సంగతి వేరు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఐదో అంతస్తు. ఆరుగురు యువతీయువకులు పోయారు, పొగకే. అదే ఏడాది నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద నిల్వ ఉంచిన కెమికల్ డబ్బాలు అంటుకుని పైన నివాసముంటున్న కనీసం తొమ్మిదిమంది పోయారు. ఇవి ఆకాశాన్నంటే టవర్లేమీ కావు. నిచ్చెన అందే ఎత్తే. పొగ మెట్లను పట్టుకుంటే ఐదో అంతస్తు కూడా ఇరవై నాలుగో అంతస్తే.

ఆపాకు నేను చెప్పిందేమిటంటే, ఖుర్చీలు, సైకిళ్లు, చెప్పుల బీరువా మెట్లదారినుంచి తీయించండి. ఛత్ తలుపుకు తాళం ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉందో రాత్రిపూట కూడా తెలిసుండాలి. దొంగలకు భయపడి బాల్కనీకి బిగించిన జాలీకి తెరుచుకునే కిటికీ ఒకటి పెట్టించండి. అంతస్తు అంతస్తుకీ గోడలో ఉన్న ఎర్ర డబ్బా తెరిచి అందులో హోస్ ఉందో, చీపురు కట్టలున్నాయో చూడండి. మా అపార్ట్‌మెంట్‌లో నేను చూశాను. చీపుర్లే ఉన్నాయి. కమిటీకి రెండుసార్లు అర్జీ పెట్టాను. మూడోది వచ్చే జుమా తర్వాత మీటింగ్‌లో పెడుతున్నాను.