ఓటు పెట్టె చరిత్ర



వడ్రంగి నాగలికి మేడి యమర్చునపుడు ముందుగా దున్నువాని యెత్తు చూచును. ఎద్దుల యెత్తు చూచును. అట్లు చూడక చేసిన నాగలి మంచి తుమ్మకర్రదైనను దున్నువాని నడుమును నొప్పించునే గాని పని సాగనీయదు. ఇది మీరెల్లరు నెరిగిన మాటయే. అయితే వేర్వేరు స్వభావములు గల కోట్లకొలది జనులు ఒకే సాధనమును, ఒక్కొక్కరు ఒక్క నిమిషము మాత్రమే పట్టవలసి వచ్చినచో, దానికి మేడి యెంత యెత్తున నుండవలెను? ఈ ప్రశ్నకు మన దేశము వెదకిన సమాధానమే ఓటు పెట్టె చరిత్ర.

1937వ సంవత్సరపు ఎన్నికలలో, నాడు మన సర్కారు జిల్లాలును రాయలసీమయు చేరియుండిన చెన్నరాజధానియందు, రంగుల పెట్టెలు వాడిరి. కాంగ్రెసువారిది పసుపుపచ్చని పెట్టె. అక్షరము తెలియనివానికిని రంగు తెలియును గదా! కాని నాడు ఓటుహక్కు ఆస్తియో చదువో గల కొందరికే యుండెను. అసలు పరీక్ష తరువాత వచ్చినది.

1951 అక్టోబరు మొదలు 1952 ఫిబ్రవరి వరకు జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతి పౌరునికిని, స్త్రీ పురుష భేదము లేక, ఓటు లభించెను. ఓటర్లు 17 కోట్లకు పైబడిరి. 1951 జనాభా లెక్కలనుబట్టి అక్షరాస్యులు నూటికి సుమారు 18 మంది. చదువురాని వానికి ఓటేమిటని పరిహసించినవారు లేకపోలేదు. ప్రధాన ఎన్నికల కమీషనరు సుకుమార సేన్ గారి యధికారమున జరిగిన యేర్పాటు వేరు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టెపై నొక గుర్తు. కాడి కట్టిన ఎద్దుల జత, కంకి కొడవలి, మఱ్ఱిచెట్టు, గుడిసె – అన్నియు పల్లెవాని కంటికి నిత్యము కనబడునవే. ఆవు, దేవాలయము వంటి భక్తిభావము రేపు గుర్తులను మాత్రము విడిచిపెట్టిరి. ఓటరు వ్రాయవలసినది లేదు, ముద్ర వేయవలసినది లేదు. తెరచాటునకు పోయి, తనకు నచ్చిన పెట్టెలో కాగితము జారవిడిచిన చాలును. ఇందుకు 25 లక్షలకు పైగా పెట్టెలును, సుమారు 8,200 టన్నుల ఉక్కును కావలసి వచ్చెను.

సాధనము సులభముగానే యున్నది. కాని మనుష్యులు సాధనకర్త యూహించినట్లే నడతురా? కొందరు కాగితమును పెట్టెలో వేయక పెట్టెమీదనే యుంచి వచ్చిరి. కొందరు పెట్టెను దైవముగా నెంచి పూలు పెట్టి మ్రొక్కిరి. వీరు అమాయకులు. మోసగాండ్రు వేరు: తెరచాటున పడియున్న కాగితములను ఏరి తమవాని పెట్టెలో వేయుటకును, ఓటు వేయక కాగితమును వెలుపలికి తెచ్చి అమ్ముటకును ఈ పద్ధతిలో సందుండెను. మంచివాని తొట్రుపాటును, చెడ్డవాని చాతుర్యమును – రెండింటిని తలచి చేసినదే మంచి సాధనము.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. ఓటర్ల జాబితా వ్రాయుటకు పోయినవారితో, ముఖ్యముగా ఉత్తరాదిని, అనేక స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావాని భార్యననియో, ఫలానావాని తల్లిననియో మాత్రమే చెప్పిరి. అట్టివారిలో దాదాపు 28 లక్షల మంది జాబితానుండి తొలగింపబడిరి. ఆచారమునకు లొంగి పేరులేని ఓటును అంగీకరించుట తగదని సేన్ గారు పట్టుపట్టిరి. పౌరురాలు ఒకరి భార్యగా గాక తానుగా ఓటు వేయవలెనను మాట న్యాయమైనదే. అయినను 28 లక్షల తల్లుల ఓటు పోయిన మాట కూడ నిజమే. ఆడువారిచేత అడిగించియుండినచో ఎన్ని పేర్లు దక్కియుండెడివో యని నాకు తోచుచుండును. సాధనము మనుష్యునికి వంగవలసిన చోటేది, మనుష్యుడు మారవలసిన చోటేది యను ప్రశ్న సులభమైనది కాదు.

1962 సాధారణ ఎన్నికలలో పెట్టెల వరుస పోయి, అభ్యర్థులందరి పేర్లును గుర్తులును గల ఒకే కాగితము వచ్చెను. నచ్చిన గుర్తుపై ముద్ర వేసి, మడిచి, ఒకే పెట్టెలో వేయవలెను. మడతలో తడి సిరా రెండవ గుర్తుమీద అంటినచో ఏది యసలు? దీనికై కొనలన్నియు ఒకే దిక్కునకు తిరిగిన ముద్రను వాడిరి. అంటిన మరకలో కొనలు ఎదురుదిక్కునకు తిరిగి కనబడును; లెక్కించువాడు నిజమును గుర్తించును. ఓటరును దండింపక అతని పొరపాటును ముందే యూహించిన తెలివి యిది. అయినను రెండు గుర్తుల నడుమ ముద్ర వేసినవారి ఓట్లు చెల్లకుండుట మానలేదు.

తరువాత యంత్రము వచ్చెను. 1982 మే 19న కేరళలోని పరూరు నియోజకవర్గమున 50 కేంద్రములలో దానిని మొదట వాడిరి. చట్టమున దానికి తావులేదని సుప్రీంకోర్టు 1984లో తీర్పు చెప్పగా, 1988లో చట్టమును సవరించిరి. 2004 లోకసభ ఎన్నికలలో దేశమంతట యంత్రములే. వీనిని తయారుచేయు రెండు సంస్థలలో నొకటి మన హైదరాబాదులోనిదే. గుర్తు ప్రక్కన నీలపు మీట నొక్కగా ఎఱ్ఱదీపము వెలుగును, కూత వినబడును. ఓటు పడినదని చదువురానివానికిని తెలియును. బలవంతముగా కేంద్రమును ఆక్రమించువానికి అడ్డుగా, యంత్రము నిమిషమునకు నాలుగైదు ఓట్లకు మించి స్వీకరింపదు.

చూపులేనివారికై బ్రెయిలీ అంకెలను హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ నియోజకవర్గమున 2004లో పరీక్షించి, 2009లో దేశమంతట అమర్చిరి. సందేహించువారికై 2013లో నాగాలాండులోని నోక్సెన్ ఉపయెన్నికలో చీటీ చూపు యంత్రమును చేర్చిరి. ఓటరు తన గుర్తును ఏడు క్షణములు కన్నులార చూచుకొనును. 2019లో పసుపునకు, ఎఱ్ఱజొన్నలకు గిట్టుబాటు ధర కోరుచు నిజామాబాదు రైతులు లోకసభకు పోటీచేయగా అభ్యర్థులు 185 మందియైరి. నాడు ప్రతి కేంద్రమునను పండ్రెండు మీటల పలకలు వరుసగా నమర్చవలసి వచ్చెను.

పెద్దలారా, పంచాయతీ కార్యాలయమున ముసలమ్మ దరఖాస్తు తప్పుగా నింపినపుడు, ఆమెకు తెలివిలేదని విసుగుకొనుట సులభము. ఆ కాగితమును వ్రాసినవాడు ఆమెను తలచుకొని వ్రాసెనా యని ముందు అడుగుడు. నడుము నొచ్చినది దున్నువానికే యైనను, చూడవలసినది మేడినే.

సెలవు.