పోటు లేచేలోగా

చెప్పులు పడవలోనే వదిలెయ్యి. బురదలో దిగబడిన చెప్పు మళ్లీ చేతికి రాదు.

పంట్లాం మోకాళ్ల పైకి మడుచుకో. పడవ అంచున కూర్చుని ఒక కాలు దించు. పైన బురద ఎండకి వెచ్చగా ఉంది, లోపల చల్లగా ఉంది. పిక్క దాకా దిగిపోయింది. రెండో కాలూ దించు.

"ఆగకు. నడుస్తానే ఉండు. నిలబడితే దిగిపోతావు."

ఆ మాటన్న పిన్ని అప్పుడే నాలుగడుగులు ముందుంది. చీర గోచీ పోసి బిగించుకుంది. భుజాన సంచి, చేతిలో సెంటీమీటర్ల గీతలు గీసిన వెదురు కర్ర. పడవ మీద తాత గెడ బురదలో గుచ్చి, తాడు దానికి కట్టాడు. "నాలుగున్నరకి పోటు లేచేత్తది. ఈలోగా వచ్చెయ్యాలి," అన్నాడు. ఇప్పుడు మధ్యాహ్నం రెండున్నర. నిన్న అమావాస్య. ఇలాంటి రోజుల్లో ఇక్కడ పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం దాదాపు మీటరున్నర మారుతుంది. ఇప్పుడు నువ్వు నడుస్తున్న చోట రాత్రికి పడవ నడుస్తుంది.

ఇది కాకినాడ పక్కన కోరంగి మడ అడవి. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోటు. 1978లో దీన్ని అభయారణ్యం చేశారు. చూడు, నీ కాలి పక్కనే గుండ్రటి పాద ముద్రలు ఒక వరసలో గట్టు ఎక్కి పొదల్లోకి వెళ్లాయి. నీటి పిల్లివి. రాత్రి చేపల కోసం వచ్చి వెళ్లింది. నువ్వు మాత్రం మొక్కల కోసం వచ్చావు. మూడేళ్ల కిందట పిన్నీ, ఆమె ఊరి ఆడవాళ్లూ ఈ కాలవ గట్ల మీద 50 మడ మొక్కలు నాటారు. అందులో ఎన్ని బతికున్నాయో ఈ పూట లెక్క తేల్చాలి.

కాలవ ఆకారం ఒకసారి చూసుకో. పెద్ద కాలవ వెన్నెముకలా సాగిపోతోంది. దాన్నుంచి పిల్ల కాలవలు చేప ముళ్లలా ఏటవాలుగా చీలాయి. మనది అందులో ఒకటి, 50 మీటర్ల పొడవు. రెండు గట్ల మీదా రెండేసి మీటర్లకు ఒక మొక్క. ఎడమ గట్టున బేసి నంబర్లు, కుడి గట్టున సరి నంబర్లు. ప్రతి మొక్క పక్కన పుల్లకు కట్టిన రేకు బిళ్ల మీద దాని నంబరుంది.

1వ నంబరు. వంగు. బురదకు పది సెంటీమీటర్ల పైన కాండం మందం కొలువు. పక్కన కర్ర నిలబెట్టి ఎత్తు చూడు. 112. ఇప్పుడు ఆకు తిప్పి చూడు. ఆకు మీద చక్కెర పలుకుల్లాంటివి ఎండకు మెరుస్తున్నాయి. వేలితో తీసి నాలిక మీద వేసుకో. ఉప్పు. వేళ్లు ఎంత వడగట్టినా లోపలికి చేరిన ఉప్పును మడ ఇలా ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది. మొక్క చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు లేచినవి దాని వేళ్లే. బురదలో గాలాడదు కాబట్టి పైకి లేచి ఊపిరి పీలుస్తున్నాయి. వాటి మీద అడుగు పెట్టకు.

"ఒకటి, బతుకు," అంటుంది పిన్ని. రాసుకో. పెన్సిల్‌తోనే రాయి. పెన్ను రాత తడిస్తే అలుక్కుపోతుంది.

2, బతుకు. 3, బతుకు. 9 దగ్గర మొక్క మోకాలెత్తులో తెగిపోయి ఉంది. కింద గేదె డెక్కల గుర్తులు. మడాకంటే పశువులకు ప్రాణం. కొత్త చిగురు లేదు, మోడు ఎండిపోయింది. చావు. పక్కన కారణం కూడా రాయి: మేత.

12 దగ్గర పిన్ని ఒక్క క్షణం ఆగింది. తల పైకెత్తి చూడాల్సినంత పెరిగింది అది. కాండం మీద అరచెయ్యి ఆనించి చెప్పింది. "తొంభై ఆరు తుపాను రాత్రి మా నాన్న నావని మడలోకి తోసి చెట్టుకి కట్టేసుకున్నాడు. ఆ చెట్టు ఆపింది." 1996 నవంబర్ 6 రాత్రి ఈ తీరంలో వెయ్యి మందికి పైగా పోయారు. ఇక ఆ మాట పొడిగించలేదు ఆమె. "పన్నెండు, బతుకు."

17. ఒక్క ఆకు లేదు. బూడిద రంగు పుల్ల. నీ పెన్సిల్ 'చావు' అని రాయబోతోంది. ఆగు. బొటనవేలి గోటితో బెరడు కాస్త గీకు. పైపొర లేచింది. కింద సన్నగా, తడిగా, పచ్చగా ఉంది. ఎండు పుల్ల అనుకున్నదాంట్లో ప్రాణముంది. బతుకు. గోటి కింద ఇరుక్కున్న ఆ పచ్చదనం సాయంత్రం దాకా పోదు.

21 చావు. కాండమంతా తెల్లటి గుల్లలు గుత్తులుగా పట్టి బరువుకు నేలకు వంచేశాయి. 30 చావు. 37 దాకా వచ్చేసరికి బతికినవి 34, పోయినవి 3. మనసు తేలికపడింది కదూ?

ఇప్పుడు ముందుకు చూడు.

అవతల నేల రంగు మారింది. నల్లటి ఒండ్రు కాదు, పైన తెల్లటి పొర. ఎడమ గట్టు విరిగి కాలవకు అడ్డంగా పడింది. దాని వెనక నీళ్లు కదలకుండా ఉన్నాయి. 39 చావు. 41 చావు. 42, 43 చావు. గోటితో గీకు. గోధుమరంగు. ఇంకోటి గీకు. అదీ గోధుమరంగే.

ఆ నీళ్లు ఒక చుక్క తీసి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వెయ్యి. కంటికి ఆనించి వెలుతురు వైపు తిప్పు. సముద్రపు నీరైతే గీత 35 దగ్గర ఆగాలి. ఇది 60 దాటింది. పెద్ద పోటుకు గట్టు దాటి లోపలికొచ్చిన నీరు తిరిగి వెళ్లలేక ఇక్కడే నిలిచిపోతోంది. ఎండకు నీరు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతోంది. అసలు చేప ముల్లు కాలవలు తవ్వింది ఇలా జరగకూడదనే. మడ నరికిన నేల మధ్యలో కుంగి పళ్లెంలా తయారవుతుంది, అందులో నిలిచిన ఉప్పునీరు కొత్త మొక్కను బతకనివ్వదు. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊళ్లవాళ్లు కలిసి తూర్పు తీరంలో పోటుకు దారి తవ్వి మడను తిరిగి లేపింది ఈ పద్ధతిలోనే. ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో నీ కళ్ల ముందుంది.

టైము చూసుకో. నాలుగూ పది. ఇంకా ఏడు మొక్కలున్నాయి. వెనక్కి వెళ్లిపోయి, ఇక్కడన్నీ పోయాయని అందాజుగా రాసెయ్యొచ్చు. కానీ అదిగో, అటు గట్టున 44కి నాలుగు ఆకులు కనిపిస్తున్నాయి. అందాజు లెక్కలో అది చచ్చిపోతుంది. వెళ్దాం.

విరిగిపడిన మట్టి మీదుగా దాటు. ఒక అడుగు. రెండో అడుగు.

మూడోది దిగబడింది.

మోకాలు దాటింది. లాగు. రాలేదు. రెండో కాలు ఆనించి లాగు. అదీ దిగింది.

వెనక చిన్న చప్పుడు. ఎవరో చీర ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టు. తల తిప్పు. పిల్ల కాలవలో నురగ గీత ఒకటి నీ వైపే వస్తోంది.

పోటు.

"తాతా! గెడ!" పిన్ని కేక.

నీళ్లు వచ్చి అడ్డుగట్టుకు తగిలాయి. పక్కలకు పాకాయి. చల్లగా తొడలకు తగిలాయి. నోటు పుస్తకం పళ్లతో పట్టుకో. చెయ్యి చాపు. వేళ్లకు ఏదో తగిలింది. సన్నటి కాండం. 44.

పట్టుకుంటావా?

పట్టుకుంటే అది ఊడి వస్తుంది. నువ్వు రావు.

వదిలెయ్. వెనక్కి వాలు. పడుకో. బరువు వీపు మీదికి రానీ. మడమ తిప్పు. మెల్లగా. వేళ్ల పక్కనుంచి నీరు లోపలికి దూరాలి. అప్పుడే బురద వదులుతుంది. మళ్లీ తిప్పు. నీళ్లు చెవుల దాకా వచ్చాయి.

గెడ వచ్చింది. రెండు గట్లకీ అడ్డంగా పడింది. పట్టుకో. రెండు చేతులా. ఒక కాలు వచ్చింది. లాగు. ఇంకోటీ.

గట్టు మీద బోర్లా పడి ఉన్నావు. నోట్లో పుస్తకం ఉంది. పిన్ని దాన్ని తీసుకుని, మిగిలిన మొక్కల్ని గట్టు మీంచే ఒక్కొక్కటి చూస్తూ నడుస్తోంది. "నలభై నాలుగు, బతుకు. నలభై ఐదు, చావు..."

పడవలో కూర్చున్నాక కూడుకో. 38, 40, 44 బతికాయి. ఈ చివర పోయినవి పది. మొత్తం మీద బతికినవి 37, పోయినవి 13.

పెన్సిల్ బరువుగా అనిపిస్తుంది. పక్కనున్న మనిషి తన చేత్తో నాటిన మొక్కలివి. 13 బదులు 3 అని వేస్తే ఆమె ముఖం విప్పారుతుందేమో అనిపిస్తుంది. కానీ అలా రాస్తే ఆ విరిగిన గట్టు దగ్గరికి పార పట్టుకుని ఎవరూ రారు. వచ్చే ఏడు అదే ఉప్పులో ఇంకో పది మొక్కలు నాటుతారు. ఫిలిప్పీన్స్‌లో ఏళ్ల తరబడి అనువుకాని చోట మడ నాటుతూ పోతే చాలాచోట్ల చివరికి మిగిలింది నూటికి పదీ ఇరవయ్యే. మన దేశంలో 2023లో మొదలైన మిష్టీ పథకం ఐదేళ్లలో 540 చదరపు కిలోమీటర్ల మడను లక్ష్యంగా పెట్టుకుంది. అంత అడవి నిజంగా లేచిందో లేదో చెప్పాల్సింది ఇలా తడిసిన నోటు పుస్తకాలే.

"పదమూడు," అంటుంది పిన్నే ముందు. "రాయి. కింద ఇది కూడా రాయి: ముప్పై ఏడు దాటాక గట్టు విరిగింది, తవ్వాలి. అష్టమికి పోటు తక్కువుంటాది. నలుగురం పారలు తెచ్చుకుని వత్తాం."

రాశావు. తాత గెడ ఊని పడవ తిప్పాడు. వెనక్కి చూడు. నీరు 44 నడుము దాకా వచ్చింది. ఇప్పుడు నాలుగు ఆకులూ మునిగాయి. నీ చెయ్యి తెలియకుండానే పడవ అంచు గట్టిగా పట్టుకుంది.

"కంగారు పడకు," అంటుంది పిన్ని. "దానికిది అన్నం వేళ."