కరాచీ–బొంబాయి విమాన మార్గం: దూరం, ప్రయాణ సమయం

మీ దగ్గర గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొసను కరాచీ మీద, రెండో కొసను ముంబయి మీద ఉంచి బిగించండి. ఆ దారం సూచించే దూరం సుమారు 870 కిలోమీటర్లు. పట్టికల్లో విమాన దూరంగా ఇచ్చేది సాధారణంగా ఈ కొలతనే. అయితే విమానం నిజంగా ఎగిరిన దారి ఎంత, ప్రయాణానికి ఎన్ని గంటలు పట్టింది అన్నవి ఈ అంకె చెప్పదు.

1932 అక్టోబరు 15 ఉదయం 6.35 గంటలకు జె.ఆర్.డి. టాటా కరాచీలోని డ్రిగ్ రోడ్ విమానాశ్రయం నుంచి ఒంటరిగా బయలుదేరారు. ఆయన నడిపింది పస్ మాత్ అనే ఒంటి ఇంజను విమానం. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కరాచీకి తెచ్చిన టపాను బొంబాయికి, మద్రాసుకు చేరవేయడం టాటాల సంస్థ చేపట్టిన పని.

ఆయన సూటిగా రాలేదు. పెట్రోలు కోసం అహ్మదాబాదులో దిగవలసి వచ్చింది. అక్కడికి బర్మా షెల్ వారి పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి! ఈ మలుపుతో దారి సుమారు 1,040 కిలోమీటర్లయింది. మధ్యాహ్నం 1.50కి విమానం జుహూలో దిగింది. మొత్తం పట్టిన సమయం 7 గంటల 15 నిమిషాలు. మజిలీని కూడా కలుపుకుంటే సగటు వేగం గంటకు 143 కిలోమీటర్లు. మీరూ లెక్కవేసి చూడండి.

మద్రాసు టపాను అక్కడి నుంచి నెవిల్ వింట్సెంట్ తీసుకువెళ్లారు. ఆ రాత్రి బళ్లారిలో ఆగి, మరునాడు మద్రాసు చేరారు. దారి చూపే రేడియో గానీ, రాత్రి దిగడానికి దీపాలు గానీ లేని రోజులవి. కాబట్టి ఆనాటి ప్రయాణ సమయంలో చీకటిని కూడా లెక్కించాలి. వానలు పడితే జుహూ నేల నీట మునిగేది. అప్పుడు విమానాలను పూనాకు మార్చేవారు. అంటే ఋతువును బట్టి దూరం కూడా మారేదన్నమాట. తరువాతి కాలంలో బళ్లారికి బదులు హైదరాబాదు ఈ మార్గంలో మజిలీ అయింది.

1947లో కరాచీ పాకిస్తాన్‌లో భాగమైంది. నేటి జెట్ విమానం ఈ రెండు నగరాల మధ్య దూరాన్ని రెండు గంటలలోపే దాటగలదు. కానీ ఈ పాఠం రాసేనాటికి వాటి మధ్య నేరుగా ప్రయాణికుల విమానమే లేదు. దుబాయి మీదుగా వెళ్లాలంటే కరాచీ నుంచి దుబాయికి సుమారు 1,190, అక్కడి నుంచి ముంబయికి సుమారు 1,930 కిలోమీటర్లు ప్రయాణించాలి. గాలిలోనే దాదాపు 5 గంటలు గడుస్తాయి. దుబాయిలో మరో మూడు గంటలు వేచి ఉంటే, పస్ మాత్‌కు పట్టిన సమయం కన్నా ఎక్కువే అవుతుంది.

అభ్యాసం: ఈ మూడు దారులను మీ అట్లాసులో గీయండి. మొదటి దారి ఎందుకు వాడుకలో లేదో, రెండో దారి అహ్మదాబాదు వైపు ఎందుకు తిరిగిందో పది వాక్యాల్లో రాయండి.