పుస్తకంలో లేని రాగము

ఈ సందేశాన్ని రేడియోలో విన్నవారు మీలో కొందరుంటారు, ఇప్పుడే పత్రికలో చదువుతున్నవారు కొందరుంటారు. చదువుతున్న మీకు ఒక చిన్న మనవి. దగ్గరలో కీర్తనల పుస్తకం ఉంటే చేతిలోకి తీసుకోండి. దానితో మనకు పని ఉంది.

ముందుగా రెండవ దినవృత్తాంతములు 5వ అధ్యాయం చూద్దాం. సొలొమోను కట్టించిన మందిరంలోకి నిబంధన మందసం వచ్చిన దినమది. 120 మంది యాజకులు బూరలు ఊదుతున్నారు. ఆసాపు, హేమాను, యెదూతూను అనువారి కుటుంబాల గాయకులు తాళములు, తంబురలు, సితారలు పట్టుకొని బలిపీఠానికి తూర్పున నిలిచారు. అంతమంది ధ్వని ఒక్క ధ్వనిగా వినబడిందని, అప్పుడే మందిరం మేఘంతో నిండిపోయిందని 13వ వచనం చెబుతోంది. ఎక్కువమంది పాడారన్నది కాదు ఇక్కడి విశేషం. అందరూ ఒక్కటిగా వినబడ్డారు. అది ఎలా సాధ్యమైంది?

ఇప్పుడు మీ కీర్తనల పుస్తకం తెరవండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో చాలా పాటల పైన చిన్న అక్షరాలతో రెండు సంగతులుంటాయి. ఒకటి రాగము పేరు, రెండవది తాళము పేరు. ఆది అనో, రూపకము అనో, చాపు అనో ఉంటుంది. అంతే. మనం గుడికి తీసుకెళ్ళే మామూలు ప్రతిలో స్వరాలు ఉండవు. ఏ మాట దగ్గర గొంతు పైకెత్తాలో, ఎక్కడ ఆగాలో అందులో లేదు. మరి అది ఎక్కడ ఉంది? మీ అవ్వ గొంతులో ఉంది. ఆమె పక్కన కూర్చొని విన్న మీ అమ్మ చెవిలో ఉంది.

బైబిలులోనూ ఇదే కనిపిస్తుంది. 22వ కీర్తన పైన ఒక రాగం పేరుంది. దానికి ‘వేకువ లేడి’ అని అర్థమంటారు పండితులు. సిలువపై ప్రభువు నోట పలికిన కీర్తన అది. మాటలు మనకు అందాయి. ఆ రాగం ఎలా ఉండేదో మాత్రం నేడు భూమిమీద ఎవరికీ తెలియదు. పాడేవారు తగ్గిపోయి, పేరు మిగిలింది.

అంత దూరం కూడా వెళ్ళనక్కరలేదు. ఆళ్ళగడ్డ నుండి నల్లమల వైపు వెళితే అహోబిలం వస్తుంది. సంక్రాంతి తరువాత పారువేట ఉత్సవం మొదలైతే చుట్టుపక్కల పల్లెల్లో వారాల తరబడి మేళాలు వినిపిస్తూనే ఉంటాయి. 15వ శతాబ్దపు తాళ్ళపాక అన్నమాచార్యులు ఈ అహోబిల మఠపు ఆదివన్ శఠగోప యతి దగ్గరే వేదాంతం నేర్చుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. వారి విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. అయినా ఆ చరిత్రలో మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. ఆ కుటుంబం ఆయన పాటలను రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరిచింది. పన్నెండు వేలకు పైగా పాటలు దొరికాయి. పాటపాటకూ రాగం పేరు చెక్కారు గాని, దాని నడక తెలిపే స్వరాలు చెక్కలేదు. మధ్యలో పాడేవారి వరుస తెగిపోయింది. అందుచేత 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893-1979) వంటి విద్వాంసులు ఎన్నో పాటలకు మళ్ళీ కొత్తగా వరుసలు కట్టవలసి వచ్చింది. రాగి చెడిపోలేదు, చెవులే ఖాళీ అయ్యాయి.

మన సంగతి చూద్దాం. 19వ శతాబ్దంలో ఎస్.పి.జి. మిషనరీలు ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు ప్రాంతాలలో సువార్త ప్రకటించారు. నమ్మినవారిలో ఎక్కువమంది పల్లె చివర వాడలలో ఉన్నవారు. వారిలో చాలామందికి అక్షరం రాదు. కాని తాళం వచ్చు, పదం వచ్చు, భజన వచ్చు. ఇంగ్లీషు వరుసలకు తెలుగు మాటలు అతికించిన పాటలూ మనం పాడుకున్నాం, వాటిలోనూ దీవెన ఉంది. అయితే ఆ వరుసల్లో ఒక్కోసారి గురువు పలకవలసిన చోట లఘువు, లఘువు పలకవలసిన చోట గురువు పడి మాట నలిగిపోతుంది. పురుషోత్తమ చౌధరి (1803-1890) వంటి భక్తులు మన రాగతాళాలలోనే సువార్తను కూర్చారు. 1912లో దోర్నకల్ బిషపుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్యగారు కూడా ఈ దేశపు వరుసలను, భజనలను సంఘంలో ప్రోత్సహించారు. చదువురాని తల్లికి వాక్యం కంఠస్థమైంది ఈ పాటల వలననే.

ప్రియులారా, ఇక చెవిని గూర్చి పరిశోధకులు కనుగొన్న కొన్ని సంగతులు చెబుతాను. అవి మొదట మన ప్రశ్నకు జవాబిస్తాయి.

ఒక మనిషికి సమానమైన టక్ టక్ శబ్దం వినిపించి, దానితో కలిసి వేలు తట్టమంటే ఏమవుతుంది? శబ్దం విన్న తరువాత తడతాడనుకుంటాం. కాదు. సాధారణంగా వేలే శబ్దం కంటే రవ్వంత ముందు పడుతుంది, సెకనులో కొన్ని వందో వంతుల ముందు. నూరేళ్ళకు పైగా తెలిసిన సంగతి ఇది. అనుకోని శబ్దం విని కదలాలంటే సెకనులో ఆరో వంతో, ఐదో వంతో పడుతుంది. అందరూ పక్కవారిది విన్నాకే పాడితే సంఘం ఎప్పుడూ కలవదు. ముందున్న దెబ్బను మనసు ఎదురుచూస్తుంది గనుకనే కలుస్తాం. కలిసి పాడడమంటే కలిసి ఎదురుచూడడమే. ఆ లేవీయులు ఒక్క ధ్వని అయినది కూడా అలాగే.

శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ముప్ఫై నాలుగు మీటర్ల వెనుక కూర్చున్నవానికి పాట సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. కన్వెన్షన్ మైదానంలో వెనుకవారి చప్పట్లు వేదికతో ఎందుకు కలవవో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో ఫోన్లలో కలిసి పాడబోయి ఓడిపోయింది కూడా ఆలస్యం వల్లనే. విశ్వాసం తగ్గి కాదు.

2009లో హంగేరీ శాస్త్రవేత్త ఇస్త్వాన్ వింక్లర్ బృందం పుట్టి రెండు మూడు రోజులైన శిశువులను పరీక్షించింది. నిద్రపోతున్న బిడ్డలకు తాళం వినిపిస్తూ ముఖ్యమైన దెబ్బను వదిలేస్తే, వారి మెదడు ఆ లోటును పసిగట్టింది. తాళపు తెలివిని దేవుడు పుట్టుకలోనే పెట్టి పంపుతున్నాడని నేను నమ్ముతాను.

2005లో ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ అనే ఇద్దరు పరిశోధకులు మరొకటి చూపించారు. బాల్కన్ దేశాల జానపద సంగీతంలో ఏడు మాత్రల తాళం మామూలు. అందులో తప్పు దొర్లితే అక్కడివారు గుర్తిస్తారు. ఉత్తర అమెరికా పెద్దలు గుర్తించలేకపోయారు. అయితే అదే అమెరికా ఖండపు ఆరు నెలల బిడ్డలు గుర్తించారు! ఏడాది నిండేసరికి ఆ బిడ్డల చెవి కూడా తాము పెరిగే సంగీతం వైపే ఒరిగిపోయింది. రెండు వారాలు ఇంట్లో ఆ పరాయి సంగీతం వినిపిస్తే ఏడాది బిడ్డలలో ఆ తెలివి తిరిగి వచ్చింది. పెద్దలలో అంత సులువుగా రాలేదు.

ఇది చదివినప్పుడు నాకు ఒక అవ్వ జ్ఞాపకం వచ్చింది. నేను సెమినరీ ముగించి వచ్చిన కొత్తలో అహోబిలం దారిలోని ఒక పల్లె సంఘానికి కీబోర్డు కొన్నాం. అందులో మీట నొక్కితే బీటు దానంతట అదే వస్తుంది. ఆ ఆదివారం చాపు తాళంలో ఉన్న పాత కీర్తన ఎత్తుకున్నాం. తకిట తకధిమి, మూడూ నాలుగూ ఏడు మాత్రలు. మా పెట్టెలో ఏడు మాత్రల బీటు లేదు. నాలుగుది నొక్కాం. ముందు వరుసలో చాప మీద కూర్చొని తాళాలు వాయించే అవ్వ బీటుతో కలవడం లేదు. నేను మైకులోనే అన్నాను, “అవ్వా, తాళం తప్పుతోంది, కాస్త ఆపమ్మా” అని.

ఆరాధన అయ్యాక ఆమె మెల్లగా వచ్చి, “అయ్యగారూ, నేను తప్పు కొట్టలేదయ్యా. ఆ పెట్టెకే ఈ పాట రాదు” అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ తరువాత ఆమె తాళాలు పట్టలేదు. కొన్నేళ్ళకు ప్రభువునందు నిద్రించింది. ఆమెకు వచ్చిన కీర్తనలలో ఎన్నింటి వరుసలు ఆమెతోనే వెళ్ళిపోయాయో నేను లెక్క చెప్పలేను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తప్పింది ఆమె తాళం కాదు, నా చెవి. క్షమాపణ అడగవలసిన రోజున నేను నవ్వాను.

కీబోర్డు పాపమని నేను చెప్పడం లేదు. పాతదంతా పరిశుద్ధమనీ చెప్పడం లేదు. చౌధరిగారి కీర్తనలు కూడా ఒకనాటి కొత్త పాటలే. కాని యంత్రం మన కోసం ఆగదు, పక్కవాని గొంతు వినదు. సంఘం వింటుంది. బలహీనుడు వెనుకబడితే అడుగు తగ్గించగలదు. ఒక్క ధ్వనిగా మారడానికి ఆ వినికిడే మూలం.

కాబట్టి మీ సంఘంలో కీర్తనలు ఎరిగిన పెద్దవారి దగ్గరకు ఈ వారమే వెళ్ళండి. ఫోనులో వారి పాట రికార్డు చేయండి, అయితే అంతటితో ఆగవద్దు. సండేస్కూలు పిల్లలను వారి పక్కన కూర్చోబెట్టండి. నెలకు ఒక కీర్తన దాని తాళంలోనే నేర్పించండి. తల్లులారా, ఉయ్యాల దగ్గర పాడండి. ఏడాది లోపు బిడ్డ వింటున్నాడు. వాయించే తమ్ముళ్ళారా, ముందు అవ్వ పాట వినండి, తరువాత మీట నొక్కండి. వినుట వలన విశ్వాసం కలుగుతుందని పౌలు బోధించాడు కదా. వినడం మనమే మానేస్తే రేపటి వారికి ఏమి వినిపిస్తాం?

ప్రార్థించుకుందాం. చెవిని నిర్మించిన తండ్రీ, వినవలసిన వేళ వినని మమ్మును క్షమించు. మా పెద్దల నోట నీవుంచిన పాట మా పిల్లల నోటికి చేరువరకు మాకు సమయమును, ఓపికను దయచేయుము. మా సంఘములను ఒక్క ధ్వనిగా చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.