భార్యనేనని రుజువు చేసుకున్న కాగితాలు

అమెరికాలో నల్లజాతి కుటుంబాలు తమ వంశం ఆనవాళ్లు వెతకబోతే చాలామందికి దారి 1870 దగ్గర ఆగిపోతుంది. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లందరినీ పేరుపేరునా రాసుకున్న తొలి జనాభా లెక్క ఆ ఏడాదిదే. అంతకు ముందు 1850లోనూ 1860లోనూ బానిసల జాబితాలు విడిగా రాశారు గానీ వాటిలో పేర్లు దాదాపుగా లేవు. యజమాని పేరు, దాని కింద ఆడో మగో, వయసెంత, ఒంటి రంగు ఏమిటి, అంతే. 1870కి ముందున్న మనుషుల్ని పేర్లతో, ఊళ్లతో, చుట్టపక్కాలతో సహా చూపించే కాగితాల్లో అన్నిటికన్నా బలమైనవి వాషింగ్టన్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిని చరిత్ర కోసం ఎవరూ రాయలేదు. చనిపోయిన సైనికుడి భార్యకు నెలకు 8 డాలర్ల పింఛను ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి గుమాస్తాలు పోగేసిన ఫైళ్లవి. అవి వంశ చరిత్రకు ఇంతగా అక్కరకు రావడానికి కారణం సర్కారు ఉదారత అనుకుంటే పొరపాటు. దాని అనుమానమే అసలు కారణమని నా వాదన. ఎవరి మాటను నమ్మలేదో వాళ్ల బతుకే వివరంగా రాతకెక్కింది. సైనికుడి కన్నా అతని భార్యను ఎక్కువ అనుమానించారు కాబట్టి ఆమె ఫైలే మనకు ఎక్కువ చెబుతుంది.

ఈ అనుమానానికి ఒక చరిత్ర ఉంది. స్వాతంత్ర్య ప్రకటన వెలువడి రెండు నెలలైనా కాకముందే, 1776 ఆగస్టులో, కాంటినెంటల్ కాంగ్రెస్ యుద్ధంలో అవిటివాళ్లయినవారికి సగం జీతం ఇస్తామంది. ఆ తొలినాటి దరఖాస్తులు మనకు మిగల్లేదు. 1800 నవంబరులో యుద్ధ శాఖ కార్యాలయం తగలబడినప్పుడు కాలిపోయాయి. 1814లో బ్రిటిష్ సేన వాషింగ్టన్‌కు నిప్పుపెట్టినప్పుడు మరికొన్ని కాగితాలు పోయాయి. కాబట్టి 1818లో పేద సైనికులకు పింఛను చట్టం తెచ్చేనాటికి ఎవరు యుద్ధం చేశారో ఎవరు చేయలేదో నమ్మకంగా చెప్పే రికార్డు సర్కారు చేతిలో పూర్తిగా లేదు. దరఖాస్తులు వెల్లువెత్తాయి, వాటి వెంట అనుమానమూ వచ్చింది. 1820లో ఇంకో చట్టం చేసి, పేదవాణ్ణని చెప్పుకునే ప్రతివాడూ కోర్టులో ప్రమాణం చేసి తన ఆస్తి జాబితా ఇవ్వాలన్నారు. ఆ జాబితాల్లో ఆవు, ఇనప కుండ, విరిగిన కుర్చీలు, తీర్చాల్సిన అప్పులు కనిపిస్తాయి. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, వాళ్ల వయసెంత, ఒళ్లొంచి పని చేయగలిగినవాళ్లెవరు అన్నది కూడా రాయించారు. పేదరికం నిజమో కాదో పట్టుకోవాలనుకున్న గుమాస్తా, రెండు వందల ఏళ్ల తర్వాతి మునిమనవడికి ఆ ఇంటి మనుషుల్ని అప్పగించాడు.

1832 నాటి చట్టం పేదరికం షరతు తీసేసింది. కనీసం ఆరు నెలలు యుద్ధంలో పనిచేసి ఉంటే చాలంది. అయితే పత్రాలు లేనివాళ్లు ఆ సంగతి జడ్జి ఎదుట తమ నోటితో చెప్పాలి. అందుకు యుద్ధ శాఖ ఒక ప్రశ్నల వరస తయారుచేసింది. ఎక్కడ పుట్టావు, ఏ ఏడాది? నీ వయసుకు ఏదైనా రాత ఉందా, ఉంటే ఇప్పుడెక్కడుంది? సేనలో చేరేటప్పుడు ఏ ఊళ్లో ఉన్నావు, యుద్ధం తర్వాత ఎక్కడెక్కడ ఉన్నావు, ఇప్పుడెక్కడ ఉంటున్నావు? నీ అంతట నువ్వు చేరావా, బలవంతాన చేర్చారా, ఇంకొకరి బదులు వెళ్లావా? నీతో ఉన్న అధికారులెవరు? నీ ఊళ్లో నిన్నెరిగినవాళ్లెవరు? ఎనభయ్యో పడిలో ఉన్న రైతులు, వారిలో ఎందరో చదువు రానివాళ్లు, ఈ ప్రశ్నలకు జవాబులు చెబుతుంటే గుమాస్తాలు రాసుకున్నారు. తమంతట తాము కూర్చుని స్వీయచరిత్ర రాసుకునే అలవాటు గానీ తీరిక గానీ వాళ్లకు లేవు. ఈ వాంగ్మూలాల్లోంచి ఏరి చరిత్రకారుడు జాన్ డాన్ 1980లో ఒక సంకలనం వేసినప్పుడు, ఆ యుద్ధాన్ని మామూలు సిపాయి గొంతుతో వినే వీలు మొదటిసారి చాలామంది పాఠకులకు కలిగింది. స్వాతంత్ర్య యుద్ధం నాటి ఈ ఫైళ్లు మొత్తం 80 వేల దాకా ఉన్నాయి. వాటిని మైక్రోఫిల్ముకు ఎక్కిస్తే 2,670 రీళ్లయ్యాయి.

భార్యల వంతు వచ్చేసరికి కథ ఇంకా చిక్కబడింది. 1836 చట్టం, భర్త యుద్ధంలో ఉండగానో అంతకు ముందో పెళ్లయిన వితంతువులకే పింఛను అంది. 1838లో దాన్ని 1794కు ముందు పెళ్లయినవాళ్లకు జరిపారు. 1853లో గానీ ఆ తేదీ గొడవ పూర్తిగా పోలేదు. అంటే ఆ మధ్య కాలంలో ఒక ముసలామె బతుకుతెరువంతా తన పెళ్లి తేదీ మీద ఆధారపడింది. పెళ్లి రిజిస్టరు లేని పల్లెల్లో ఆ తేదీ రాసి ఉండే చోటు ఒకటే, ఇంట్లోని బైబిల్. పెళ్లిళ్లు, పుట్టుకలు, చావులు రాసుకునే పుటను అందులోంచి చింపి వాషింగ్టన్‌కు పంపారు. పెన్సిల్వేనియాలోని జర్మన్ కుటుంబాలు పక్షులూ తులిప్ పూలూ రంగుల్లో దిద్ది చేతితో రాయించుకున్న జన్మపత్రాలను కూడా పంపాయి. అడిగింది ఒక్క పెళ్లి తేదీ. ఆ పుటతో పాటు వచ్చినవి పదిమంది పిల్లల పేర్లు, పసితనంలోనే పోయిన బిడ్డ పేరు, అదే పేరు మళ్లీ పెట్టుకున్న తర్వాతి బిడ్డ పేరు. ఆ ఇళ్లలోనే ఉండిపోయిన బైబిళ్లు ఎన్నో కాలిపోయి, తడిసి, పంపకాల్లో చేతులు మారి పోయాయి. సర్కారు తిరిగి ఇవ్వని పుటలు మిగిలాయి.

అంతర్యుద్ధం నడుస్తుండగా, 1862 జులైలో చేసిన చట్టం ఈ పద్ధతినంతా లక్షలాది ఇళ్లకు విస్తరించింది. యుద్ధం కారణంగా చనిపోయిన మామూలు సిపాయి భార్యకు నెలకు 8 డాలర్లు, భార్య లేకపోతే పదహారేళ్లలోపు పిల్లలకు, వాళ్లూ లేకపోతే అతని మీద ఆధారపడిన తల్లికి. పెళ్లి చట్టబద్ధమైనదని చూపించాలి. ఆ తర్వాత సేనలో చేరిన నల్లజాతి సైనికుల్లో (యుద్ధం ముగిసేసరికి వాళ్లు సుమారు 1,79,000) ఎక్కువమంది బానిసలుగా ఉన్నవాళ్లే. బానిసల పెళ్లిని దక్షిణాది రాష్ట్రాల్లో ఏ చట్టమూ గుర్తించలేదు. 1864 ఏప్రిల్‌లో టెనెసీలోని ఫోర్ట్ పిల్లో దగ్గర లొంగిపోయిన నల్లజాతి సైనికుల్ని దక్షిణాది కాన్ఫెడరేట్ దళాలు ఊచకోత కోశాక ఈ అన్యాయం నగ్నంగా బయటపడింది. అక్కడే చనిపోయిన తెల్లజాతి అధికారి మేజర్ బూత్ భార్య మేరీ బూత్, అధ్యక్షుడు లింకన్‌ను కలిసి ఆ సైనికుల భార్యల గతేమిటని అడిగింది. లింకన్ మే 19న సెనేటర్ చార్లెస్ సమ్నర్‌కు ఉత్తరం రాసి, పెళ్లి చట్టబద్ధం కాకపోయినా వాళ్లను భార్యలుగానే చూడాలన్నాడు. ఆ జులైలోనే చట్టం మారింది. పత్రం బదులు సాక్షులు వచ్చారు. ఇద్దరు నమ్మదగ్గ మనుషులు వచ్చి వీళ్లు రెండేళ్లుగా ఆలుమగలుగా కాపురం చేశారని చెబితే చాలు. ఆ షరతులు తర్వాత ఇంకా సడలాయి. కాగితం లేనివాళ్లకు నోటిమాటే ఆధారమైంది.

నోటిమాటను సర్కారు ఊరికే ఒప్పుకోలేదు. సందేహం వచ్చిన కేసుల్లో పింఛను శాఖ ప్రత్యేక తనిఖీ అధికారిని ఊరికి పంపేది. అతను దరఖాస్తు పెట్టినామెను, ఇరుగుపొరుగును, భర్తతో పనిచేసిన సైనికుల్ని, పురుడు పోసిన మంత్రసానిని, కొన్నిసార్లు పాత యజమానిని కూడా విడివిడిగా కూర్చోబెట్టి ప్రమాణం మీద అడిగేవాడు. ఎవరి తోటలో పుట్టావు? ఆ యజమాని పోయాక ఎవరి వాటాకు వచ్చావు? నీ పెళ్లికి యజమాని ఒప్పుకున్నాడా, పెళ్లి ఎవరు జరిపించారు? అంతకు ముందు ఇంకెవరితోనైనా కాపురం చేశావా, అతనేమయ్యాడు, ఎక్కడికి అమ్మేశారు? బిడ్డలు ఎప్పుడు పుట్టారు? వెతికేవాళ్లకు ఈ జవాబుల్లో అన్నిటికన్నా విలువైనది యజమాని పేరు. అది దొరికిందంటే అతని వీలునామా, పంపకాల జాబితా, అమ్మకపు పత్రాలు తెరిచి చూడొచ్చు. బానిసల పేర్లు ఉండేది వాటిలోనే. 1863 జూన్ 2న దక్షిణ కరోలినాలోని కంబాహీ నది మీద, ఒకప్పుడు తానూ బానిసగా ఉన్న హ్యారియెట్ టబ్‌మన్ వేగులవాళ్ల సాయంతో, కర్నల్ మాంట్‌గోమరీ నడిపిన దాడిలో వరిపొలాల నుంచి ఏడు వందలకు పైగా బానిసలు బయటపడ్డారు. ఒక్క రాత్రిలో పడవలెక్కి వెళ్లిపోయిన ఆ మనుషులెవరన్నది, ఆ దాడి గురించి రాసినవాళ్లు చాలాకాలం చెప్పలేకపోయారు. చరిత్రకారిణి ఎడ్డా ఫీల్డ్స్-బ్లాక్ పింఛను ఫైళ్లలోని వాంగ్మూలాలను తోటల యజమానుల పత్రాలతో పక్కపక్కన పెట్టి చదివి, వాళ్లను పేర్లతో, కుటుంబాలతో నిలబెట్టింది. ఆమె పూర్వీకుడు హెక్టర్ ఫీల్డ్స్ కూడా ఆ దాడిలో పాల్గొన్న సైనికుడే. 2024లో వచ్చిన ఆమె పుస్తకం ‘కంబీ’కి మరుసటి ఏడాది చరిత్ర విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది.

డబ్బు కోసం చెప్పిన మాటల్ని చరిత్రగా ఎలా నమ్ముతామని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. అబద్ధాలున్నాయి. దరఖాస్తులు రాసిపెట్టే ఏజెంట్లు ఒకే మూసలో మాటలు పేర్చిన ఫైళ్లూ ఉన్నాయి. కానీ అబద్ధం చెప్పేవాళ్లు దాన్ని పింఛనుకు అడ్డమొచ్చే ఒకటి రెండు విషయాల్లోనే చెబుతారు. రోగం ఎప్పుడు మొదలైంది, మళ్లీ మనువాడిందా లేదా అన్న చోట. ఊరి పేరు, యజమాని పేరు, తోబుట్టువుల పేర్లు మార్చి చెప్పడం వల్ల లాభం లేదు. తనిఖీ అధికారి పక్కింట్లో అడిగితే బయటపడుతుంది కూడా. పైగా ఒక ఫైల్లో ఉండేది ఒక్క వాంగ్మూలం కాదు. అవి ఒకదాన్నొకటి కాదన్న చోట ఏది నిలుస్తుందో చదివేవాళ్లే తూచుకోవచ్చు. జనాభా లెక్క రాసినవాడు గుమ్మంలో నిలబడి రాసుకుపోయిన ఒక్క వరసకు అటువంటి పరీక్ష లేదు. పేర్ల తికమకనే చూడండి. హ్యారియెట్ టబ్‌మన్ రెండో భర్త నెల్సన్ డేవిస్ సేనలో చేరింది నెల్సన్ చార్లెస్ అన్న పేరుతో. 1888లో అతను పోయాక, ఇద్దరూ ఒకరేనని, తన మొదటి భర్త జాన్ టబ్‌మన్ చనిపోయాకే 1869లో ఈ పెళ్లి చేసుకున్నానని ఆమె రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 1895లో ఆమెకు నెలకు 8 డాలర్లు మంజూరయ్యాయి. యుద్ధంలో ఆమె చేసిన సొంత సేవను కూడా లెక్కలోకి తీసుకుని ఆ మొత్తాన్ని 20 డాలర్లు చేయడానికి 1899లో కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. బానిసగా ఉన్నప్పటి పేరుకూ స్వేచ్ఛ వచ్చాక పెట్టుకున్న పేరుకూ ముడి వేసే పత్రం ఆ ఫైలులో దొరుకుతుంది. సేన రికార్డులో ఒక్క పేరే ఉంటుంది.

రెండో అభ్యంతరం మొదటిదాని కన్నా బరువైనది. ఇదంతా ఆడవాళ్లను అవమానించి రాబట్టిన సమాచారం. 1882 చట్టం ప్రకారం వితంతువు పరాయి మగవాడితో ఉంటోందని తేలితే పింఛను ఆపేయవచ్చు. ఆ పేరుతో అధికారులు ఊళ్లలో ఆమె నడవడి గురించి వాకబు చేశారు. నార్త్ కరోలినాలోని నల్లజాతి వితంతువులు ఈ నిఘాను ఎదుర్కొంటూనే తమ హక్కు కోసం ఏళ్ల తరబడి ఎలా పట్టుబట్టారో చరిత్రకారిణి బ్రాండీ బ్రిమ్మర్ 2020లో వచ్చిన పుస్తకంలో వివరంగా చూపించింది. న్యాయం కూడా సమానంగా జరగలేదు. చరిత్రకారుడు డొనాల్డ్ షాఫర్ నమూనా తీసి లెక్కవేస్తే తెల్లజాతి వితంతువుల దరఖాస్తుల్లో నూటికి 80కి పైగా మంజూరవగా, నల్లజాతి వితంతువులవి 60 దగ్గరే ఆగాయి. ఈ అన్యాయాన్ని చూడకుండా ఫైలులోంచి పేర్లు మాత్రం ఏరుకుపోవడం నాకు నచ్చదు. అలాగని ఆ ఫైళ్లను పక్కన పెడితే ఆ ఆడవాళ్లు చెప్పుకున్న మాటను రెండోసారి తోసిపుచ్చినట్టవుతుంది. తిరస్కరించిన దరఖాస్తులను కూడా శాఖ పారేయలేదు. ఒప్పుకోని కేసులోనే విచారణ ఎక్కువ జరిగింది కాబట్టి, పైసా రాని ఆడదాని ఫైలు పింఛను తీసుకున్నామె ఫైలు కన్నా చాలాసార్లు లావుగా ఉంటుంది.

అనుమానం లేని చోట రాత ఎంత పలచగా ఉంటుందో చూడాలంటే మన ఉపఖండంలోనే ఒక ఉదాహరణ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పంజాబ్ ప్రభుత్వం ఊరివారీగా సైనికుల రిజిస్టర్లు రాయించింది. సుమారు 3,20,000 మంది పేర్లున్న ఆ రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దశాబ్దాల పాటు పడి ఉండగా, వాటిలో కొంత భాగం 2021లో ఇంటర్నెట్‌లోకి వచ్చింది. బ్రిటన్‌లో, పంజాబ్‌లో ఎన్నో కుటుంబాలు ముత్తాత పేరు అందులో చూసుకుని పొంగిపోయాయి. అది నిజంగా గొప్ప మేలు. అయితే ఆ పంజాబ్ రిజిస్టర్లు ఎవరి దావానూ తేల్చడానికి రాసినవి కావు, ఏ ఊరు ఎంతమందిని పంపిందో చూపించడానికి రాసినవి. కాబట్టి సైనికుడికి దక్కింది ఒక వరస. భార్య మాట అందులో వినిపించదు. తెలుగు నేలలో, తరతరాలుగా సేనకు మనుషుల్ని పంపిన పశ్చిమ గోదావరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో, ఆ మాట దొరికేది ఇళ్లలోని పెట్టెల్లోనే. పింఛను మంజూరు చేసిన పీపీవో, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, భార్య పేరూ పిల్లల పుట్టిన తేదీలూ నమోదైన పార్ట్-టూ ఆర్డరు, ఆ పేరు తప్పు పడితే దిద్దించుకోవడానికి రికార్డు ఆఫీసుతో నడిపిన ఉత్తరాలు. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే మనిషి పోయాక వీటితో పనేముందని చాలా ఇళ్లలో పారేస్తారు. పారేయకూడదు. పేరు దిద్దించుకోవడానికి రాసిన ఆ ఉత్తరాల్లోనే ఆమె పుట్టింటి పేరు, ఊరు, పెళ్లి ఎప్పుడైందీ ఉంటాయి.

ఇక అమెరికా ఫైళ్లలో వెతికేవాళ్లకు ఒక చిక్కు ఉంది. 1861 నుంచి 1934 దాకా ఉన్న పింఛను సూచిక మొత్తం సైనికుడి పేరు మీదే నడుస్తుంది. భార్య ఫైలు కావాలన్నా భర్త పేరుతోనే అడగాలి. సాక్షుల పేర్లు ఆ సూచికలో లేనే లేవు. ముత్తవ్వ పింఛను అడగకపోయి ఉండొచ్చు, ముత్తాత సేనలో చేరకపోయి ఉండొచ్చు. అయినా ఆ ముత్తవ్వే పక్కింటామె పెళ్లికి సాక్షిగానో, ఆమె బిడ్డకు పురుడు పోసిన మనిషిగానో వచ్చి, ముందు తాను ఎవరి కూతురో, ఎవరి తోటలో పెరిగిందో చెప్పి ఉంటుంది. కంబాహీ మనుషులు చాలామంది దొరికింది ఇలాగే, ఒకరి ఫైల్లో ఇంకొకరుగా. కాబట్టి తమ ఇంటిపేరు సూచికలో లేదని వెనక్కి తిరగడం కన్నా, ఆ ఊరి నుంచి ఏ పటాలంలో ఏ కంపెనీలోకి మనుషులు వెళ్లారో కనుక్కుని, ఆ కంపెనీలో ఉన్న ప్రతి సైనికుడి ఫైలూ, అతని భార్య ఫైలూ వరసగా తెప్పించి చదవాలి.