పూర్తిగా గెలిచి ఉంటే

రాక్షసి తంగడిలో అళియ రామరాయలు శత్రువుల చేతికి చిక్కకపోయి ఉంటే విజయనగరం ఏమయ్యేదని మనవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. అమెరికన్లకూ అలాంటి ప్రశ్న ఉంది. వాళ్లు ఎక్కువగా 1863 నాటి గెటిస్‌బర్గ్ గురించి అడుగుతారు. మేరీలాండ్‌లో స్థిరపడి, ఈ దేశపు అంతర్యుద్ధం గురించి చదువుతూ వచ్చిన నాకు మాత్రం అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 17న మా రాష్ట్రంలోని షార్ప్స్‌బర్గ్ అనే చిన్న ఊరి పక్కన, యాంటీటమ్ వాగు ఒడ్డున జరిగిన పోరే అసలు మలుపనిపిస్తుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇక్కడి తెలుగువాళ్లం వాషింగ్టన్ తీసుకెళ్లి లింకన్ స్మారకం చూపిస్తాం. అక్కడి నుంచి గంటన్నర కారు ప్రయాణంలో ఆయనకు ఆ గుడి కట్టించిన పొలాలున్నాయి. వాటినీ చూపించాలని నా కోరిక.

1861లో యుద్ధం మొదలైనప్పుడు ఉత్తరాది కత్తి పట్టింది బానిసల విముక్తి కోసం కాదు. విడిపోయిన పదకొండు దక్షిణాది రాష్ట్రాలను మళ్లీ దేశంలో కలపడమే దాని లక్ష్యం. దేశంలో అప్పటికి దాదాపు 40 లక్షల మంది బానిసలుండేవారు. ఉత్తరాది పక్షాన నిలిచిన రాష్ట్రాల్లో కూడా కొన్నింట, మా మేరీలాండ్‌తో సహా, బానిసత్వం చట్టబద్ధమే. దేశాధ్యక్షుడు లింకన్‌కు ఆ వ్యవస్థ అంటే ఏవగింపు. దాని మీద చెయ్యి వేస్తే ఈ సరిహద్దు రాష్ట్రాలు చేజారిపోతాయని భయం. చివరికి 1862 జూలై 22న విముక్తి ప్రకటన చిత్తుప్రతిని మంత్రివర్గానికి చదివి వినిపించాడు. విదేశాంగ మంత్రి సూవర్డ్ వద్దనలేదు, ఆగమన్నాడు. ఓడిపోతున్న వేళ ప్రకటిస్తే దిక్కుతోచక చేసిన పనిలా ఉంటుంది, ఒక గెలుపు రానివ్వమన్నాడు. లింకన్ ఆ కాగితం పక్కన పెట్టాడు. గెలుపు రాలేదు. ఆగస్టు చివర బుల్ రన్ దగ్గర జరిగిన రెండో పోరులో ఉత్తరాది మళ్లీ ఓడింది.

ఆ ఊపులోనే దక్షిణాది సేనాని రాబర్ట్ లీ పోటోమాక్ నది దాటి మేరీలాండ్‌లో అడుగుపెట్టాడు. శత్రువు గడ్డ మీద గెలిచి చూపిస్తే నవంబరు ఎన్నికల్లో ఉత్తరాది ఓటర్లు ఇక యుద్ధం చాలంటారని, లండన్, పారిస్ తమను దేశంగా గుర్తిస్తాయని ఆయన ఆశ. హార్పర్స్ ఫెర్రీలోని ఉత్తరాది దండును పట్టుకోవడానికి సైన్యాన్ని భాగాలుగా విడగొట్టి, ఎవరు ఎటు పోవాలో 191వ నంబరు ఉత్తర్వులో రాయించాడు. దాని నకలొకటి ఫ్రెడరిక్ పట్టణం దగ్గర ఒక పొలంలో పడిపోయింది. సెప్టెంబరు 13న ఇండియానా దళం కార్పొరల్ బార్టన్ మిచెల్‌కు అది దొరికింది, మూడు చుట్టలకు చుట్టిన కాగితంగా. అదే రోజు ఉత్తరాది సేనాని మెక్‌క్లెలన్ చేతికి చేరింది.

శత్రువు పథకమంతా తెలిసి కూడా మెక్‌క్లెలన్ నింపాదిగానే కదిలాడు. లీ దగ్గర లక్షకు పైగా సైన్యముందని ఆయన నమ్మకం. నిజానికి నలభై వేలు కూడా లేదు, మెక్‌క్లెలన్ బలం అందుకు దాదాపు రెట్టింపు. 17న తెల్లవారుతుండగా మిల్లర్ అనే రైతు మొక్కజొన్న చేలో పోరు మొదలైంది. యుద్ధమే పాపమని నమ్మే డంకర్లు అనే క్రైస్తవుల చిన్న ప్రార్థనా మందిరం చుట్టూ సాగి, పల్లంలో అరిగిపోయిన ఒక బండ్ల బాట దగ్గరికి పాకింది. మధ్యాహ్నానికి ఆ బాట శవాలతో నిండిపోయింది. దక్షిణపు కొసన వాగు మీది రాతి వంతెన దగ్గర కొన్ని వందల మంది జార్జియా సైనికులు ఉత్తరాది సేనాని బర్న్‌సైడ్ దళాలను మూడు గంటలు ఆపారు. చివరికి ఆ దళాలు వంతెన దాటి, ఊరి అంచుకు చేరి, లీ వెనుదారిని తెంచబోతుండగా దక్షిణాది సేనాని ఏ.పి. హిల్ దళం హార్పర్స్ ఫెర్రీ నుంచి 27 కిలోమీటర్లు నడిచొచ్చి అడ్డుపడింది. పొద్దువాలేసరికి చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు రెండు వైపులా కలిపి దాదాపు 23 వేలు. అమెరికా చరిత్రలో ఒక్క రోజులో ఇంత రక్తం మరెన్నడూ పారలేదు. అంత జరుగుతున్నా మెక్‌క్లెలన్ వేలాది సైనికులను బరిలోకి దించకుండా అట్టిపెట్టుకున్నాడు. మర్నాడు కూడా కదలలేదు. 18 రాత్రి లీ నది దాటి వెళ్లిపోయాడు.

ఎవరూ ఎవరినీ చిత్తు చేయలేదు. అయినా లీ వెనుదిరిగాడు కాబట్టి లింకన్ దాన్నే గెలుపుగా తీసుకున్నాడు. పోరు జరిగిన ఐదు రోజులకు, సెప్టెంబరు 22న, విముక్తి ప్రకటన వెలువడింది.

పొలంలో పడిపోయిన ఆ 191వ నంబరు ఉత్తర్వు ఎవరికీ దొరకకపోయి ఉంటే? లీ తన సైన్య భాగాలన్నిటినీ తీరిగ్గా కలుపుకుని, పెన్సిల్వేనియా వైపు సాగి, తనకు అనువైన చోట పోరాడేవాడు. యాంటీటమ్ దగ్గర తుపాకులు పేలుతున్న రోజే, ఆ కబురు ఇంకా తెలియని బ్రిటన్ విదేశాంగ మంత్రి రస్సెల్ ప్రధాని పామర్‌స్టన్‌కు ఉత్తరం రాశాడు. మధ్యవర్తులుగా దిగి దక్షిణాది స్వాతంత్ర్యాన్ని గుర్తించే దిశగా నడవాలని అందులో సూచించాడు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయి కూలీలు పస్తులుంటున్న కాలమది. (ఆ కొరత మన గుంటూరు పత్తికి గిరాకీ తెచ్చింది, కాకినాడ రేవు ఆ ఎగుమతులతో పుంజుకుంది.) లీ వెనక్కి తగ్గాడని తెలిశాక పామర్‌స్టన్ వేచి చూద్దామన్నాడు. నవంబరులో మంత్రివర్గం ఆ ఆలోచననే పక్కన పెట్టింది. లీ గెలిచి ఉంటే ఆ ఉత్తరం ప్రకారమే పని జరిగేదని నా నమ్మకం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం రెండో ఊహ. మెక్‌క్లెలన్ ఆ రోజు పూర్తిగా గెలిచి ఉంటే? అట్టిపెట్టిన దళాలను మధ్యాహ్నం పల్లపు బాట మీదుగా పంపి ఉంటే, వెనక నది ఉన్న లీ సైన్యం చాలావరకు అక్కడే చిక్కిపోయేది. దక్షిణాది ఆ ఏడాదే రాజీకి వచ్చేదేమో. అయితే లింకన్ ప్రకటనలో ఒక గడువుంది. 1863 జనవరి 1 లోగా తిరిగొచ్చిన రాష్ట్రానికి అది వర్తించదు. పైగా బానిసత్వం జోలికి పోవద్దని మెక్‌క్లెలన్ ఆ జూలైలోనే లింకన్‌కు రాసి ఇచ్చాడు. లీని పట్టుకున్న వీరుడిగా అతను నిలబడితే ఆ మాట కాదనే ధైర్యం ఎందరికుండేది? అప్పటికే వేలాది బానిసలు పారిపోయి ఉత్తరాది శిబిరాలకు చేరుతున్నారు, వాళ్లకు అండగా కాంగ్రెస్ చట్టమూ చేసింది. కాబట్టి పాత వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉండేదని అనను. కానీ దేశం ఒకటై, లక్షల మంది సంకెళ్లలోనే మిగిలిపోయే అవకాశం నిజంగా ఉండింది.

సగం గెలుపు యుద్ధాన్ని 1865 దాకా లాగింది. 1862 నవంబరులో లింకన్ మెక్‌క్లెలన్‌ను తప్పించాడు. విముక్తి యుద్ధ లక్ష్యమైంది, దాదాపు 1,80,000 మంది నల్లజాతివారు ఉత్తరాది సైన్యంలో చేరారు. ఆ తర్వాత చనిపోయిన లక్షల మంది ప్రాణాలను తేలిగ్గా తూకం వేయడానికి నాకు మనసొప్పదు. అయినా బిడ్డను సంతలో అమ్ముతుంటే చూస్తూ నిలబడ్డ తల్లులను తలచుకున్నప్పుడు, యుద్ధం త్వరగా ముగిసి ఉంటే మేలని అనలేను. 1865లో 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో 14వ సవరణ ఈ గడ్డ మీద పుట్టినవాళ్లను పౌరులను చేసింది. ఇక్కడ పుట్టిన మా పిల్లల పౌరసత్వానికి ఆధారం అదే.

ఆ పోరు జరిగిన మేరీలాండ్‌కు మాత్రం లింకన్ ప్రకటన వర్తించలేదు, మా రాష్ట్రం విడిపోలేదు గనక. ఇక్కడి బానిసలకు విముక్తి 1864 నవంబరు 1న కొత్త రాష్ట్ర రాజ్యాంగంతో వచ్చింది. ఆ రాజ్యాంగం మీద జరిగిన ఓటింగులో దాదాపు అరవై వేల ఓట్లు పడితే, అది గట్టెక్కింది 375 ఓట్ల తేడాతో. ఊళ్లలో పడిన ఓట్లను బట్టి అయితే ఓడిపోయేదే. యుద్ధరంగంలో ఉన్న మేరీలాండ్ సైనికులు శిబిరాల నుంచి వేసిన ఓట్లు దాన్ని గెలిపించాయి. యుద్ధం 1862లోనే ముగిసి ఉంటే వాళ్లు ఎప్పుడో ఇళ్లకు చేరిపోయి ఉండేవారు.