సముద్రం అడుగున ఇళ్లు



మా నారపల్లిలో ఏ వీధిలో చూసినా ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద వచ్చేవాళ్లకు ఇసుక కుప్పలు, కంకర కుప్పలు కొత్త కాదు. అలాంటి ఊళ్లో కూర్చుని మొన్న మా అక్క కూతురు, "చిన్నమ్మా, నేను చేపలకు ఇళ్లు కట్టే పని నేర్చుకుంటా" అన్నది. మా అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "నీళ్లలో పుట్టి నీళ్లలో తిరిగేదానికి ఇల్లెందుకే తల్లీ?" అన్నారు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సిందని తర్వాత తెలిసింది. ఆ సంగతే ఈవేళ మీతో చెప్తాను.

సముద్రం అడుగు చాలాచోట్ల ఎండిన చెరువులాగా చదునుగా ఉంటుంది. బురద, లేకపోతే ఇసుక. అక్కడ చేపపిల్ల దాక్కోవడానికి చాటుండదు. రాయి ఉన్నచోట సంగతి వేరు. రాతికి ముందు నాచు పడుతుంది, ఆల్చిప్పలు అతుక్కుంటాయి, వాటికోసం చిన్న చేపలు వస్తాయి, చిన్నవాటి కోసం పెద్దవి వస్తాయి. ఇలా గట్టిగా లేచివున్న దిబ్బనే రీఫ్ అంటారు. పగడాలు కట్టిన దిబ్బ అయితే మరీ శ్రేష్ఠం. కానీ పగడానికి తేట ఉప్పునీరు కావాలి. గోదావరి, కృష్ణ తెచ్చిపోసే ఒండ్రునీళ్లలో అది బతకడం కష్టం. అందుకే మన్నారు సింధుశాఖలో ఉన్నంత పెద్ద పగడాల దిబ్బలు మన తెలుగు తీరంలో లేవు. లేనిచోట మనిషి కట్టి దించేదే కృత్రిమ రీఫ్.

ఇది నిన్న మొన్నటి విద్య అనుకునేరు! 18వ శతాబ్దం చివర్లో జపాన్ జాలర్లు మునిగిపోయిన ఒక ఓడ దగ్గర చేపలు తెగ పడడం గమనించారు. కొన్నేళ్లకు ఓడ చివికిపోయింది, చేపలూ మాయమైనాయి. వాళ్లు దిగులుపడి కూర్చోలేదు. వెదురుతో, కర్రలతో పెద్ద చట్రాలు కట్టి, ఇసుక బస్తాలు బరువుగా వేసి అక్కడే ముంచారు. కొద్ది నెలల్లో చేపలు తిరిగొచ్చాయి. చదువుకున్న ఇంజనీర్లెవరూ చెప్పలేదు సుమా, కడుపు నింపుకునే వాళ్లు కనిపెట్టిన పని.

తర్వాత చదువుకున్నవాళ్లు చేసిన తప్పూ చెప్పుకోవాలి. 1972లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో చేపల కోసమని పాత మోటారు టైర్లు ముంచడం మొదలుపెట్టారు. అన్నీ కలిపి సుమారు 20 లక్షలు. చెత్త వదిలిపోతుంది, చేపకు ఇల్లూ దొరుకుతుంది అనుకున్నారు. టైర్లను కట్టిన కట్లు తెగిపోయి, తుఫానులకు టైర్లు దొర్లి, పక్కనే ఉన్న అసలు పగడాలనే విరగ్గొట్టాయి. 2007లో సైనిక డైవర్లు వాటిని పైకి తీసే పని మొదలుపెట్టారు. మనకు అక్కరలేనిది పారేస్తే అది ఇంకొకరికి ఇల్లవుతుందా, చెప్పండి?

మన దేశంలోనూ ఇలాంటి పాపం ఉంది. తూత్తుకుడి దగ్గర మన ఇళ్లకు సున్నం కావాలని ఏళ్ల తరబడి పగడాలు తవ్వారు. అడ్డు పోయాక అక్కడి వాన్ దీవిని అలలు కోసేయసాగాయి. 2015 తర్వాత ఆ దీవి ముందు వేల సంఖ్యలో సిమెంటు దిమ్మెలు దించి, ఆ కోతను తగ్గించే ప్రయత్నం చేశారు. మన ఇంటికోసం వాళ్ల ఇల్లు కూల్చి, మళ్లీ మనమే కట్టవలసి వచ్చిందన్నమాట.

కేరళలో తిరువనంతపురం జాలర్లు ఎవరో వచ్చి కడతారని చూడకుండా 1980లలో తామే రీఫ్‌లు వేసుకున్నారు. ఆ జిల్లాలోనే 2023లో 42 మత్స్యకార గ్రామాల ఎదుట, చోటుకు 150 చొప్పున, 6,300 సిమెంటు దిమ్మెలు దించే పని పెట్టుకున్నారు. దీనికి సాంకేతిక సాయం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థది. 1947లో మొదలైన ఆ సంస్థకు మన విశాఖపట్నంలోనూ కేంద్రం ఉంది. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద దేశం మొత్తం మీద 900కు పైగా రీఫ్‌లు మంజూరయ్యాయి. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఉంది.

ఇక పని సంగతి. ముందు అడుగు ఎలా ఉందో పరికరాలతో, డైవర్లతో చూడాలి. మరీ మెత్తని బురదైతే దిమ్మె కూరుకుపోతుంది. ఒడ్డున మేస్త్రీలు ఇనుము వేసి దిమ్మెలు పోత పోస్తారు. ఒక్కోటి దాదాపు టన్ను బరువు. క్రేనుతో ఎత్తి, లెక్క ప్రకారం దించాలి. తర్వాత ఏళ్ల తరబడి మునిగి చూస్తూ, ఏ చేప చేరిందో రాసుకోవాలి. మేస్త్రీ, డైవరు, శాస్త్రజ్ఞుడు, పడవవాడు, అందరికీ ఇందులో పనుంది.

ఇదంతా విని మా అత్తగారు ఒక్క మాట అడిగారు: "మరి ఆ ఇంటి తాళం ఎవరి దగ్గరుంటుంది?"

అసలు ప్రశ్న అదే, అమ్మా. శాస్త్రజ్ఞులూ ఏళ్లుగా దీనిమీదే వాదించుకుంటున్నారు. రీఫ్ కొత్త చేపల్ని పెంచుతుందా, ఎక్కడెక్కడివో ఒకచోట చేరుస్తుందా? చేర్చినవాటిని వెంటనే ఊడ్చుకుపోతే అది ఇల్లు కాదు, బోను. దిమ్మెలుంటే అడుగు గీసుకుపోయే మరబోటు వలలు చిరుగుతాయి గనక పెద్ద బోట్లు అటు రావు. గాలంతో పట్టే చిన్న జాలరికి అది రక్ష. కానీ ఆ చిన్నవాళ్లు కూడా గుడ్లు పెట్టే రోజుల్లో ఆగితేనే రీఫ్ నిలుస్తుంది. కొండల ఆనవాళ్లు చూసి సముద్రంలో చోటు గుర్తుపట్టే విశాఖ జాలరిని, తెల్లారకముందే గంప ఎత్తుకునే అతని భార్యను అడక్కుండా చోటు ఎంచితే తాళం ఎవరి చేతిలోనూ ఉండదు.

సముద్రం మనకు 300 కిలోమీటర్ల పైమాటే. అయినా జాతీయ మత్స్య అభివృద్ధి మండలి 2006 నుంచి మన హైదరాబాదులోనే ఉంది. చేప ఆకారంలో కట్టిన ఆ భవనాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. చదువుకు పెబ్బేరులో, నెల్లూరు దగ్గర ముత్తుకూరులో మత్స్య కళాశాలలున్నాయి. ఆడపిల్ల డైవింగు నేర్చుకుంటానంటే భయపడే తల్లులకు నాది ఒకటే మాట. ముందు ఈత నేర్పించండి.

మా అక్క కూతురు కాలేజీ దరఖాస్తు తెచ్చుకుంది. దాన్ని నింపేటప్పుడు పక్కన కూర్చుని, పెన్ను అందించింది మా అత్తగారే.